డబ్ల్యూజీయూలో ఇంట్రో టు ఐటీ: పరీక్ష బుక్ చేసే ముందు చూసుకోవాల్సినవి

వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీని (డబ్ల్యూజీయూ) 1997లో పెట్టారు. కేంద్రం అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ ప్రాంతం, చదువంతా ఆన్‌లైనే. ఆరు నెలల టర్మ్‌కి ఒకటే ఫీజు. ఆ ఆరు నెలల్లో మీరు ఎన్ని కోర్సులు పూర్తి చేసినా ఫీజు పెరగదు. అమెరికాలో హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉండి మళ్లీ చదువు మొదలుపెడదామనుకునే మనవాళ్లకు ఈ లెక్క బాగా నచ్చుతుంది. ఈ యూనివర్సిటీ ఐటీ డిగ్రీల్లో తొలి మెట్లలో ఒకటి ఇంట్రడక్షన్ టు ఐటీ అనే కోర్సు. "ఇందులో ఏముంది, అంతా తెలిసిందేగా" అనుకుని కూర్చున్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ముందు చేరడం సంగతి. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు ఈ దారి పనికిరాదు. సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సు మాత్రమే వాళ్ల ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది, కాబట్టి పూర్తి ఆన్‌లైన్ డిగ్రీతో వీసా స్టేటస్ నిలవదు. పాత క్రెడిట్లు ఏమైనా ఉంటే టర్మ్ మొదలవకముందే ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. మొదలయ్యాక అడిగితే కష్టం.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతోనే. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే వీసా మీద ముందు పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ముందు పేరు తెలియదు) అని వస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్‌లోనూ అదే దిగుతుంది. అడ్మిషన్ ఫారంలో మాత్రం మనం ఇంటిపేరు, పేరు విడదీసి చక్కగా రాస్తాం. పరీక్ష ఇంటి నుంచే, కెమెరా ముందు రాయాలి. ఆ రోజు ఐడీ చూపించినప్పుడు రెండూ కలవకపోతే, మీరెంత చదివినా ఆ గంట అక్కడే పోతుంది. చేరిన వారంలోనే రికార్డులో పేరు ఎలా ఉందో చూసి, ఐడీ ప్రకారం సరిచేయించండి.

ఇక సిలబస్. హార్డ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డేటాబేస్, నెట్‌వర్క్, సెక్యూరిటీ, సాఫ్ట్‌వేర్ తయారీ దశలు, ప్రాజెక్టు నిర్వహణ, అన్నిట్లో కాస్త కాస్త ఉంటాయి. లోతు లేదు, వెడల్పు ఉంది. జావాలో ఏళ్ల తరబడి కోడ్ రాసినవాళ్లు కూడా స్కోప్ (ప్రాజెక్టు పరిధి), స్టేక్‌హోల్డర్ (ప్రాజెక్టుతో సంబంధం ఉన్నవాళ్లు), డిజాస్టర్ రికవరీ (విపత్తు తర్వాత సిస్టమ్‌లను మళ్లీ నిలబెట్టడం) లాంటి మాటల దగ్గర ఆగిపోవచ్చు. ఎందుకంటే ఆఫీసులో పని జరిగిపోతుంది, నిర్వచనం ఎవరూ అడగరు. ఇక్కడ అడిగేదే నిర్వచనం, అదీ ఒక చిన్న సందర్భంలో పెట్టి. ఉదాహరణకు, ఆసుపత్రి రికార్డులో రోగి బ్లడ్ గ్రూప్‌ని ఎవరో మార్చేశారు. బయటి వాళ్లెవరూ ఆ రికార్డు చూడలేదు, సర్వర్ నడుస్తూనే ఉంది. దెబ్బతిన్నది ఏది? హ్యాకింగ్ అనగానే చెయ్యి కాన్ఫిడెన్షియాలిటీ (గోప్యత) మీదకు పోతుంది. కానీ డేటా మారిపోయింది కాబట్టి జవాబు ఇంటిగ్రిటీ (డేటా చెడకుండా ఉండటం). సర్వర్ పడిపోతే అవైలబిలిటీ (కావాల్సినప్పుడు అందుబాటులో ఉండటం). హబ్, స్విచ్, రూటర్ తేడా కూడా ఇలాగే. మూడింటినీ ఇంట్లో "వైఫై డబ్బా" అనేస్తాం, పరీక్షలో అది కుదరదు.

బైనరీ (సంఖ్యను 0, 1 లతోనే రాయడం) అంటే కొందరికి భయం. నిజానికి చేతిలోకి తేలిగ్గా వచ్చే మార్కులు అవే. 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని వరసగా రాసుకోండి. 156 ఇచ్చారనుకోండి: 128 పడుతుంది, 28 మిగిలింది. 64, 32 పట్టవు. 16 పడుతుంది, 12 మిగిలింది. 8 పడుతుంది, 4 పడుతుంది, అయిపోయింది. పడినచోట 1, పట్టనిచోట 0 రాస్తే 10011100. రోజూ ఒకట్రెండు అంకెలు ఇలా చేస్తే చాలు.

అసలు పరీక్షకు ముందు ప్రీ అసెస్‌మెంట్ అని నమూనా పరీక్ష ఉంటుంది. దాన్ని చివరికి దాచుకోకండి, చదువు మొదట్లోనే రాసేయండి. ఏ భాగంలో ఎంత బలహీనమో రిపోర్టు విడమరిచి చూపిస్తుంది. తక్కువ వచ్చిన భాగాలు చదివి, కొన్నాళ్లకు మళ్లీ రాయండి. అప్పుడు బొటాబొటీగా పాసైతే అసలుది బుక్ చేయొద్దని నా సలహా, ఎందుకంటే రెండోసారికి కొన్ని ప్రశ్నలు గుర్తుండిపోయి ఉంటాయి. అలాగని ఎంసెట్ అలవాటుతో ప్రతి పేజీ అరగదీయక్కర్లేదు. ఇక్కడ వచ్చేది పాస్ ఒక్కటే, ర్యాంకు లేదు.

అమీర్‌పేట రోజుల నుంచి మనకు "డంప్స్" అనే మాట అలవాటు. టెలిగ్రామ్‌లో ఎవరైనా అసలు ప్రశ్నలు అమ్ముతామంటే ఆ గ్రూపులోంచి బయటికొచ్చేయండి. దొరికితే పోయేది ఈ ఒక్క కోర్సు కాదు, మొత్తం డిగ్రీకే ముప్పు.

పరీక్ష రోజు టెన్షన్ చాలావరకు గదిదే. కెమెరాతో గది నాలుగు మూలలూ చూపించమంటారు, బల్ల మీద కాగితాలు ఉండకూడదు. ల్యాప్‌టాప్ కెమెరా సరిపోతుందో, విడిగా వెబ్‌క్యామ్ కావాలో ముందే చదువుకోండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ వద్దు, కంపెనీ సెట్టింగులు పరీక్ష సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకోవచ్చు. ప్రశ్నను పెదాలు కదిపి చదివే అలవాటుంటే ఇప్పటి నుంచే మానుకోండి, పర్యవేక్షించేవాళ్లు అనుమానిస్తారు. ఇంట్లో అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉంటే రాత్రే చెప్పండి: "పరీక్ష అయ్యేదాకా తలుపు తీయకండి అత్తయ్యా, కాఫీ కూడా వద్దు." ఆవిడ ప్రేమగా కప్పు పట్టుకుని లోపలికొస్తే పరీక్ష అక్కడికక్కడే ఆగిపోవచ్చు. ఇండియా నుంచి వాట్సాప్ కాల్ వచ్చే వేళా కాకూడదు. అమెరికాలో సాయంత్రమంటే అక్కడ తెల్లవారి అందరూ ఫోన్లు పట్టుకునే సమయం. ఫోన్ పక్కగదిలో పెట్టేయండి. పిల్లలు స్కూల్లో ఉండే పగటి వేళ అన్నిటికంటే మేలు.

పరీక్ష తప్పితే కంగారుపడి వెంటనే మళ్లీ బుక్ చేయాలని చూడకండి. రెండోసారికి ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకోవాలి. రిపోర్టు దగ్గర పెట్టుకుని వాళ్లతో కాల్ మాట్లాడి, వాళ్లు చెప్పిన భాగాలు చదివాకే అడగండి. పాసైతే మాత్రం ఆ రోజే మెంటర్‌కి (మీ చదువును నడిపించే సలహాదారుకి) మెసేజ్ పెట్టి తర్వాతి కోర్సు తెరిపించుకోండి, టర్మ్ గడియారం ఎలాగూ ఆగదు.