కొకోడా ట్రాక్ నడవాలంటే ఏం చేయాలి?

పాపువా న్యూ గినీలోని కొకోడా ట్రాక్ అనే అడవి కాలిబాట 96 కిలోమీటర్లు. అంకె చూస్తే ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఒక కొండ ఎక్కి అవతల వాగు దాకా దిగి మళ్లీ ఇంకో కొండ ఎక్కడమే దారంతా, కాబట్టి మామూలుగా 8 నుంచి 10 రోజులు పడుతుంది. 1942లో, ఇప్పటి రాజధాని పోర్ట్ మోర్స్‌బీ వైపు వస్తున్న జపాన్ సైన్యాన్ని ఆస్ట్రేలియా సైనికులు అడ్డుకున్నది ఈ బురదలోనే.

ముందు ఎటు నుంచి నడవాలో తేల్చుకోండి. పోర్ట్ మోర్స్‌బీ నుంచి బండిలో దారి దక్షిణ కొసన ఉన్న ఓవర్స్ కార్నర్ చేరి ఉత్తరానికి నడవచ్చు, లేదా చిన్న విమానంలో ఉత్తర కొసన ఉన్న కొకోడా ఊళ్లో దిగి దక్షిణానికి రావచ్చు. చరిత్ర కోసం వెళ్తుంటే రెండోదే నయం. ఇసురవా, బ్రిగేడ్ హిల్, ఇయోరిబైవా, ఇమిటా రిడ్జ్, ఆస్ట్రేలియన్లు వెనక్కి తగ్గుతూ పోరాడిన వరుసలోనే వస్తాయి. నెల మాత్రం మే నుంచి సెప్టెంబర్ లోపు చూసుకోండి, అప్పుడూ వాన పడదని కాదు, తక్కువ పడుతుంది.

తర్వాత ట్రెక్ కంపెనీ. అందరూ ధర అడుగుతారు, మీరు సామాన్లు మోసే పోర్టర్ల గురించి అడగండి: ఒక్కొక్కరి మీద ఎంత బరువు పెడతారు, రాత్రి పడుకోడానికి మ్యాట్, దుప్పటి ఇస్తారా, ట్రెక్ అయ్యాక సొంతూరికి వెళ్లే ఛార్జీలు ఎవరు పెడతారు? జవాబు నసిగితే ఆ కంపెనీని వదిలేయండి. 1942లో గాయపడ్డవాళ్లని స్ట్రెచర్ల మీద ఈ కొండలు దాటించింది ఇక్కడి ఊళ్లవాళ్లే, బలవంతంగా పనిలోకి లాగినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఈ దారిలో కూలి ఎగ్గొట్టే యాత్ర చేయడం నాకైతే సిగ్గనిపిస్తుంది. మీకంటూ ఒక పోర్టర్‌ని పెట్టుకోండి. బురద దిగుడులో మీ బ్యాగు పట్టుకుని వెనక్కి లాగి నిలబెట్టేది అతనే.

పర్మిట్ కంపెనీయే తీస్తుంది. ఇన్సూరెన్స్ మాత్రం మీ పని, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చదివి చూసుకోండి, దారిలో ఆసుపత్రులేమీ ఉండవు. మలేరియా మాత్రలకి, గుండె పరీక్షకి ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రాక్టీస్ కనీసం మూడు నాలుగు నెలలు కావాలి. తిరుపతి దగ్గర ఉన్నవాళ్లకి అలిపిరి మెట్లున్నాయి, బ్యాగు తగిలించుకుని ఎక్కండి, కానీ బస్సులో దిగిరావద్దు. మోకాళ్లు పోయేది దిగేటప్పుడే. మౌంట్ బెల్లామీ దగ్గర దారి 2,190 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది, రాత్రి చలేస్తుంది, స్వెట్టర్ ఉండాలి. సాక్సులు రెండు రకాలుగా విడదీయండి: నడకకి తడిసినవి, పడుకోడానికి పొడివి. పొద్దున్నే ఆ తడి సాక్సులే మళ్లీ తొడుక్కోవాలి, చిరాకేస్తుంది, అయినా పొడివాటి జోలికి వెళ్లొద్దు. శాకాహారులైతే బుకింగ్ రోజే చెప్పండి.

దారిలో తుప్పుపట్టిన బుల్లెట్లు, గుండ్లు కనిపిస్తాయి. ముట్టుకోవద్దు, పేలనివి ఉండొచ్చు, పైగా దేశం దాటించడం నేరం.

తిరుగు టికెట్‌కి ముందు ఒకట్రెండు రోజులు ఖాళీ ఉంచండి, మబ్బు పడితే కొకోడా విమానాలు కదలవు.