దాళ్వా ధాన్యం దిగకముందే కాటా ప్రోగ్రాంలో ఎస్‌క్యూలైట్ థ్రెడ్‌ల సంగతి చూసుకోండి

ఏప్రిల్‌లో దాళ్వా కోతలు ఊపందుకున్నాక మండపేట, తణుకు వైపు మిల్లుల్లో కాటా ప్రోగ్రాం ఆపి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో మిగతా పనులతో పాటే నడిచే పని) కాటా ఇండికేటర్ నుంచి తూకం చదువుతుంది, ఇంకోటి చీటీ ప్రింటు తీస్తుంది, మరోటి రైతుకి మెసేజ్ పంపుతుంది. అన్నీ రాసేది ఒకే ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైల్లో ఉండే డేటాబేస్) ఫైల్లో. బళ్లు పలచగా ఉన్నప్పుడు థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డుపడవు, తప్పు దాగి ఉంటుంది. ట్రాక్టర్లు బారులు తీరిన రోజే బయటపడుతుంది.

ముందు ఎస్‌క్యూలైట్ లైబ్రరీ ఎలా కంపైల్ అయిందో తేల్చుకోండి. థ్రెడ్‌సేఫ్ విలువ 0 అయితే లోపల మ్యూటెక్సులే (ఒకేసారి ఒక థ్రెడ్‌నే లోనికి వదిలే తాళాలు) ఉండవు. 2 అయితే థ్రెడ్లు వాడొచ్చు గానీ ఒకే కనెక్షన్‌ని (డేటాబేస్‌ని తెరిచి పెట్టుకున్న దారిని) రెండు థ్రెడ్లు ఒకేసారి ముట్టుకోకూడదు. 1 అంటే సీరియలైజ్డ్ (పిలుపులు ఒకదాని తర్వాత ఒకటే జరుగుతాయి), డిఫాల్ట్ ఇదే. 'ప్రాగ్మా కంపైల్_ఆప్షన్స్' అడిగితే ఈ విలువ కనిపిస్తుంది. కమాండ్ లైన్ టూల్‌లో అడిగి ఊరుకోవద్దు. మీ ప్రోగ్రాం లోడ్ చేసేది వేరే కాపీ కావచ్చు. ప్రోగ్రాం లోపలి నుంచే 'ఎస్‌క్యూలైట్3_థ్రెడ్‌సేఫ్' పిలిచి, వచ్చిన అంకెను వెర్షన్‌తో సహా లాగ్‌లో రాయించండి.

0 వస్తే మళ్లీ కంపైల్ చేయడం తప్ప దారి లేదు. 2 వస్తే లైబ్రరీ ఇనిషియలైజ్ కాకముందే కాన్ఫిగ్‌లో సీరియలైజ్డ్ పెట్టొచ్చు; ఆలస్యమైతే మిస్‌యూజ్ ఎర్రర్, అంటే 21 వస్తుంది. ఇలా మోడ్ మార్చినా పై ఫంక్షన్ మాత్రం కంపైల్ నాటి అంకెనే చెబుతుంది. పైథాన్ 3.11 నుంచి 'థ్రెడ్‌సేఫ్టీ'లో అంకెలు వేరు: అక్కడ సీరియలైజ్డ్ అంటే 3. 'చెక్_సేమ్_థ్రెడ్' ఫాల్స్ పెడితే, ఒక థ్రెడ్ తెరిచిన కనెక్షన్‌ని ఇంకోటి వాడకుండా ఆపే పైథాన్ కాపలా తీసేసినట్టే, అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

1 వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. సీరియలైజ్డ్ కాపాడేది ఒక్కో పిలుపునే, మీ పని మొత్తాన్ని కాదు. తూకం థ్రెడ్ లారీ బరువు ఇన్సర్ట్ చేసింది. 'లాస్ట్_ఇన్సర్ట్_రోఐడీ' అడిగేలోపు మెసేజ్ థ్రెడ్ అదే కనెక్షన్ మీద తన టేబుల్లో ఓ వరస రాసింది. ఇప్పుడు చేతికొచ్చేది ఆ మెసేజ్ నంబరు. ఆ నంబరుతో చీటీ తీస్తే ఒకరి తూకం ఇంకొకరి పేరు మీద పడుతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు. ట్రాన్సాక్షన్ కూడా కనెక్షన్‌దే: ఒక థ్రెడ్ రోల్‌బ్యాక్ చేస్తే (రాసినవి వెనక్కి తీసుకుంటే) మధ్యలో రెండోది రాసినవీ పోతాయి.

అందుకే థ్రెడ్‌కో కనెక్షన్ ఇవ్వండి. అప్పుడు 'డేటాబేస్ ఈజ్ లాక్డ్', ఎర్రర్ 5, పలకరిస్తుంది. డబ్ల్యూఏఎల్ మోడ్ (మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) ఒకసారి పెడితే ఫైల్లో నిలిచిపోతుంది. 'బిజీ_టైమవుట్' (తాళం వదిలేదాకా ఎంతసేపు ఆగాలో చెప్పేది) మాత్రం ప్రతి కనెక్షన్‌కీ విడిగా పెట్టాలి, 5000 మిల్లీసెకన్లు చాలు. చదివి తర్వాత రాసే పనులన్నీ రాసే తాళాన్ని ముందే తీసుకునే 'బిగిన్ ఇమ్మీడియట్'తో మొదలెట్టండి. మామూలు బిగిన్ అయితే రాయబోయే చోట టైమవుట్ దాకా ఆగకుండానే ఎర్రర్ 5 రావచ్చు. ఫైలు కాటా గదిలోని కంప్యూటర్ డిస్క్ మీదే ఉండాలి, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్లో కాదు: డబ్ల్యూఏఎల్ నెట్‌వర్క్ డ్రైవ్ మీద పనిచేయదు.

మార్చిలోనే ఓ పూట ఉత్తుత్తి తూకాలు పెట్టండి. నాలుగు థ్రెడ్లు, తలా 10,000 ఇన్సర్టులు, మధ్యలో విరామం లేకుండా. వరసలు 40,000 ఉండాలి, 'ఇంటెగ్రిటీ_చెక్' (ఫైల్ చెడలేదని చూసే పరీక్ష) ఓకే అనాలి, ప్రతి చీటీ నంబరూ దాని బండి నంబరుతో కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఇంకా ఎక్కడో రెండు థ్రెడ్లు ఒకే కనెక్షన్‌ని పంచుకుంటున్నాయేమో ముందు వెతకండి.