రైల్‌గన్ చవకా, క్షిపణి చవకా: లెక్క ఇలా వేయండి

గుంటూరు అరండల్‌పేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. విద్యుదయస్కాంత బలం పాఠం మొదలైతే చాలు, వెనక బెంచీ నుంచి ప్రశ్న రెడీ: "సార్, రైల్‌గన్ గుండు అంత చవకైతే కోట్లు పెట్టి మిస్సైళ్లెందుకు?" రైల్‌గన్ అంటే మందుగుండు లేకుండా, గొట్టంలోని రెండు లోహపు పట్టాల గుండా కరెంటు పంపి విద్యుదయస్కాంత బలంతో గుండును విసిరే ఫిరంగి. అప్పుడు బోర్డు మీద వేయించే లెక్క ఇది.

ముందు గుండు ధర మర్చిపోండి. విత్తనాల బిల్లు ఒక్కటే చూసి మిర్చి సాగు ఖర్చు చెప్తే మన రైతు నవ్వడూ? కోత కూలి ఎవరిస్తారు?

శక్తితో మొదలుపెట్టండి. 10 కిలోల గుండు, సెకనుకు 2,500 మీటర్ల వేగం: గతిశక్తి సుమారు 31 మెగాజౌళ్లు. అమెరికా నౌకాదళం 2010లో వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో 33 మెగాజౌళ్లతో కాల్చి చూపించింది. నిమిషానికి పది కాల్చాలంటే గుండ్లకు అందే శక్తే 5 మెగావాట్లు దాటుతుంది. వేడిగా పోయేది దీనికి అదనం. ఆ జనరేటర్లు, కెపాసిటర్లు, కూలింగ్ ఖర్చంతా గుండ్ల మీద పంచాలి.

తర్వాత పట్టాలు. అసలు పేచీ ఇక్కడే. పది లక్షల ఆంపియర్లు దాటిన కరెంటు, పైగా రాపిడి. తొలి గొట్టాలు కొన్ని పదుల షాట్లకే అరిగిపోయేవి. కాబట్టి గొట్టం ధరను దాని ఆయుష్షుతో భాగించి ఒక్కో గుండుకు కలపండి. 1,000 షాట్లు నిలిచే గొట్టానికీ 50కే పోయేదానికీ ఈ పద్దులో 20 రెట్లు తేడా!

ఇక గురి. 185 కిలోమీటర్ల దూరానికి గుండు ఐదు నిమిషాల్లో చేరిందనుకుందాం. 30 నాట్ల (గంటకు సుమారు 55 కిలోమీటర్ల) వేగంతో పోయే ఓడ ఈలోగా నాలుగున్నర కిలోమీటర్లు జరిగిపోతుంది. సరే, గుండులోనే దారి సరిదిద్దుకునే గైడెన్స్ పెడదామా? పది మీటర్ల గొట్టంలో ఆ వేగం అందుకోవాలంటే గురుత్వ త్వరణానికి 30 వేల రెట్ల తోపుడు. దాన్ని తట్టుకునే చిప్పులు పెట్టాక చవక మాట ఎత్తకండి.

క్షిపణి ఖరీదైనదే, ఒక్కోటి లక్షల డాలర్లు. కానీ అది దారి మార్చుకుని కదిలే లక్ష్యాన్ని వెంటాడుతుంది. దాని లోటు సంఖ్య: మన యుద్ధనౌక ఐఎన్ఎస్ విశాఖపట్నంలో బ్రహ్మోస్ క్షిపణులు 16, బరాక్-8 క్షిపణులు 32. అవి అయిపోతే రేవుకు రావాల్సిందే. ఎర్ర సముద్రంలో యెమెన్ హూతీ తిరుగుబాటుదారుల చవక డ్రోన్ల మీద ఖరీదైన క్షిపణులు ఖర్చవుతుంటే అమెరికాకు తలనొప్పి పట్టుకున్నది ఇందుకే.

అందుకే డ్రోన్, ఓడ, తీరంలోని లక్ష్యం అని మూడు వరుసలు, రైల్‌గన్, క్షిపణి అని రెండు కాలమ్‌లు గీసి, ఒక్కోదాన్ని పడగొట్టడానికి ఎన్ని కాల్చాలో విడిగా వేయండి. ఓడ వరుసలో నా మార్కులు క్షిపణికే. డ్రోన్ వరుసలో మాత్రం మూడో కాలమ్ గీయండి: మామూలు ఫిరంగి. రైల్‌గన్ కోసం తయారుచేసిన గుండునే అమెరికా 2018లో యుద్ధనౌక మీది 5 అంగుళాల ఫిరంగితో కాల్చింది. 2021లో రైల్‌గన్ పనే ఆపేసింది. జపాన్ మాత్రం 2023లో సముద్రం మీద కాల్చి చూసింది.