హైదరాబాద్‌లో పిల్లల్ని వెంటేసుకుని బయట బాగా తినడం ఎలా

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ, తిండి మీద ఇంకా ప్రాణం ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. పెళ్ళికి ముందు అర్ధరాత్రి చాయ్ కోసం ఊరంతా తిరిగినవాళ్ళే పిల్లలు పుట్టాక మాల్‌లో ఫుడ్‌కోర్టుకి, అక్కడి పిజ్జాకి, ఫ్రెంచ్ ఫ్రైస్‌కి అలవాటు పడిపోతారు. ఏసీ ఉంటుంది, బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది, పిల్లలు గోల చేసినా ఎవరూ తిరిగి చూడరు, అదంతా నిజమే. కానీ 2019లో యునెస్కో ప్రత్యేకంగా తిండి పేరు మీదే తన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చిన ఊళ్ళో ఉంటూ, వారానికి ఒక్కసారి దొరికే ఆ పూటని ఏ ఊరికెళ్ళినా ఒకేలా ఉండే తిండికి ఇచ్చేయడం నాకు బాధగా ఉంటుంది. టైము విషయంలో పిల్లలకి తగ్గట్టు మనం మారితే చాలు, తిండి విషయంలో మారక్కర్లేదు.

ముందు టైము సంగతి చెప్తా, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. చిన్నపిల్లలున్నవాళ్ళు బయటికి వెళ్ళడానికి అన్నిటికంటే చెడ్డ టైము శనివారం రాత్రి ఎనిమిదిన్నర. ఊరంతా అప్పుడే బయల్దేరుతుంది, టోకెన్ తీసుకుని బయట నిలబడాలి, లోపల కూర్చున్నాక ఆర్డర్ వచ్చేసరికి ఇంకో అరగంట, అప్పటికి మూడేళ్ళ పిల్లకి ఆకలి దాటిపోయి నిద్ర ముంచుకొస్తుంది, ఇక ఎంత మంచి బిర్యానీ అయినా ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని తింటే రుచి తెలీదు. ఇంట్లో పిల్లలు అన్నం తినే టైముకి అరగంట ముందే మీరు హోటల్లో కూర్చుని ఉండాలి. మధ్యాహ్నమైతే పన్నెండుంపావు, రాత్రయితే ఆరున్నర, ఏడు లోపు. అప్పుడు టేబుల్ వెంటనే దొరుకుతుంది, వెయిటర్‌కి మీ మాట వినే ఓపిక ఉంటుంది, వంటింట్లో హడావుడి ఇంకా మొదలవ్వదు. కార్లో వెళ్తూ బిస్కెట్లు, చిప్స్ పెట్టకండి. అక్కడికెళ్ళాక ఏమీ ముట్టరు, తర్వాత ఇంటికొచ్చి ఆకలంటారు.

ఆదివారం పొద్దున్న పాతబస్తీ

నన్నడిగితే ఉద్యోగం చేసే అమ్మానాన్నలకి అన్నిటికంటే మంచి అవుటింగ్ డిన్నర్ కాదు, ఆదివారం టిఫిన్. పిల్లలు ఎలాగూ ఆరింటికే లేచి మనల్ని లేపేస్తారు, వారమంతా స్కూలుకి లేవనని ఏడ్చేవాళ్ళు కూడా ఆదివారం పిలవకుండానే లేస్తారు. ఆ లేచిన టైముని వాడుకోండి. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు నుంచి చార్మినార్‌కి మామూలు రోజు సాయంత్రం వెళ్ళాలంటే ఓపికే పోతుంది, ఆదివారం ఆరున్నరకి బయల్దేరితే మెహదీపట్నం మీదుగా హాయిగా వెళ్ళిపోవచ్చు. చార్మినార్ చుట్టూ బళ్ళు తిరగనివ్వరు కాబట్టి కారు కొంచెం దూరంలో పెట్టి నడవాలి. పిల్లలున్నప్పుడు అది మంచిదే, చెయ్యి వదిలేసినా గుండె ఆగిపోదు.

మొదట నిమ్రా కేఫ్, మక్కా మసీదు పక్కనే. పొయ్యి మీద గంటల తరబడి మరిగిన డికాక్షన్, విడిగా చిక్కగా కాచిన పాలు, రెండూ కలిపి పోసే ఇరానీ చాయ్ మీకు, ఉస్మానియా బిస్కెట్ పిల్లలకి. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉండే ఆ బిస్కెట్ పొద్దున్నే వేడివేడిగా దొరుకుతుంది, పాలు విడిగా అడిగి అందులో ముంచి ఇస్తే రెండేళ్ళ పిల్లాడు కూడా తినేస్తాడు. నిలబడి తాగే చోటు కాబట్టి చాయ్ పట్టుకున్నవాళ్ళు ఒకరు, పిల్లల్ని పట్టుకున్నవాళ్ళు ఒకరు, తర్వాత మార్చుకోండి. ఒక్కరే వెళ్ళినట్లయితే పిల్లలకి ముందు బిస్కెట్ ఇచ్చి, వాళ్ళు పావురాల వెంట పడ్డాక మీ కప్పు తీసుకోండి. మసీదు ముందు పావురాలు వందల్లో ఉంటాయి, పిల్లలకి చార్మినార్ కంటే అవే ఎక్కువ నచ్చుతాయి.

అక్కణ్ణుంచి గుల్జార్ హౌజ్ వైపు నడిస్తే గోవింద్ బండి. వెన్న, ఉప్మా, కారప్పొడి, ఉల్లిపాయలు వేసి పెనం మీద కాల్చే దోశ, అలాగే ముక్కలు చేసి వేయించిన తవా ఇడ్లీ. ఇది పొద్దున పూట బండి, ఆలస్యంగా వెళ్తే జనం మూగేసి ఉంటారు. పిల్లలకి కారం వద్దని ముందే చెప్పండి, కాల్చాక కాదు. మాంసం తినేవాళ్ళయితే మదీనా కూడలి దగ్గర షాదాబ్‌లో పొద్దున్నే నహారీ దొరుకుతుంది, పైన కూర్చునే ఫ్యామిలీ హాలు ఉంటుంది కాబట్టి పిల్లలతో బండి దగ్గర నిలబడటం కష్టమనిపించినవాళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళొచ్చు. రాత్రంతా ఉడికిన ఆ పులుసులో నాన్ ముక్క ముంచి పిల్లలకి పెడితే పళ్ళు రాని వయసు దాటిన ఎవరైనా తినగలరు. తొమ్మిది లోపు ముగించుకుని తిరిగొచ్చేయండి. లాడ్ బజార్ అప్పటికి ఇంకా తెరవదు, అందువల్ల గాజుల కోసం, బొమ్మల కోసం మారాం ఉండదు.

రెండు జాగ్రత్తలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైములో అటు పిల్లలతో వెళ్ళకండి, ఆ రద్దీలో మీకూ ఇబ్బంది, ప్రార్థనకి వచ్చినవాళ్ళకీ ఇబ్బంది. రంజాన్ నెలలో పగలు అక్కడ చాలా హోటళ్ళు మూసి ఉంటాయి, ఆ నెలకి వేరే ప్లాను ఉండాలి, దాని సంగతి కింద చెప్తా.

బిర్యానీ

పిల్లలకి బిర్యానీ కారం అని చాలామంది బిర్యానీ హోటల్‌కి వెళ్ళడమే మానేస్తారు. అక్కర్లేదు. హైదరాబాదీ దమ్ బిర్యానీలో మసాలా అంతా అడుగున మాంసం దగ్గర ఉంటుంది, పైన ఉండేది నెయ్యి, కుంకుమపువ్వు వాసన తగిలిన తెల్లన్నం. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "భాయ్, ఊపర్ కా సఫేద్ చావల్ థోడా అలగ్ ప్లేట్‌మే" అని అడగండి, రద్దీ లేని టైములో ఎవరూ కాదనరు. దాంట్లో పెరుగు చట్నీ కలిపి, ముక్క కడిగినట్టుగా మసాలా తీసేసి చిన్న పోగులుగా చీల్చి పెడితే పిల్లలు తింటారు. మిర్చీ కా సాలన్ గిన్నె మాత్రం వాళ్ళ చేతికి అందనంత దూరంలో పెట్టండి. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో కొత్తగా దమ్ విప్పిన హండీ నుంచి వడ్డిస్తారు, ఆ వాసన, ఆ వేడి మూడింటికి వెళ్తే ఉండవు. పిల్లల కోసం తొందరగా వెళ్ళడం వల్ల మనకి దక్కే లాభం ఇదే.

చోటు విషయానికొస్తే, మెట్రోలో వెళ్ళేవాళ్ళకి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి, సికింద్రాబాద్ ప్యారడైజ్ రెండూ స్టేషన్ పక్కనే ఉన్నాయి. పిల్లలకి మెట్రో ఎక్కడమే సగం అవుటింగ్, పార్కింగ్ టెన్షన్ మనకి తప్పుతుంది. హైదర్‌గూడ కేఫ్ బహార్ కూడా నాకు చాలా ఇష్టం, అక్కడైతే ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్ళండి. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు అయితే ఫ్యామిలీ ప్యాక్ జోలికి వెళ్ళకుండా ముందు ఒకటో రెండో సింగిల్‌లు చెప్పి, సరిపోకపోతే ఇంకోటి తెప్పించుకోండి. తీపి కోసం ఆప్రికాట్ పండ్లతో చేసే ఖుబానీ కా మీఠా ఒకటి చాలు, నలుగురూ నాలుగు చెంచాలు పట్టుకోవచ్చు. ఖుబానీ లోపల గింజ తీసేసి ఉందో లేదో చూసి పిల్లలకి పెట్టండి.

పాకే పిల్లలుంటే మండీ

ఏడాది, ఏడాదిన్నర పిల్లలున్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది మండీ, అంటే మాంసంతో వడ్డించే అరబ్బుల అన్నం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్ అనే పేటలో ఉంటారు, ఆ తిండి అక్కణ్ణుంచే ఊరంతా పాకింది, ఇప్పుడు టోలీచౌకి నుంచి కూకట్‌పల్లి దాకా ప్రతిచోటా మండీ హోటల్ ఉంది. కింద పరుపుల మీద కూర్చుంటాం, మధ్యలో ఒకే పెద్ద పళ్ళెం. పిల్లల కుర్చీ లేదన్న బాధ లేదు, కింద పడతారన్న భయం లేదు, చాలా చోట్ల తెర వేసిన చిన్న గదుల్లా ఉంటాయి కాబట్టి పాలిచ్చే తల్లులకి కూడా వీలుగా ఉంటుంది. అన్నంలో కారం దాదాపు ఉండదు, మాంసం వేలితో నొక్కితే విడిపోతుంది, కారం కావాలనుకున్న పెద్దవాళ్ళకి టమాటా చట్నీ పక్కన ఇస్తారు. ఎవరి వైపు వాళ్ళు తింటూ పిల్లల వైపు మెత్తటి ముక్కలు జరుపుతుంటే వేరే తినిపించే పనే ఉండదు.

దానితో వచ్చే తెల్లటి మయోనైజ్ మాత్రం చిన్నపిల్లలకి పెట్టకండి. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ని 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది, జనాలకి జబ్బు చేసిన తర్వాతే ఆ పని చేసింది. అది ఎలా చేశారో, ఎంతసేపు బయట ఉందో మన కంటికి కనిపించదు, పెరుగు ఉండగా ఆ రిస్క్ ఎందుకు.

మనలాంటి భోజనం కావాలనుకునే రోజు ఆంధ్రా మీల్స్ పెట్టే చోటికి వెళ్ళండి. ముద్దపప్పు, నెయ్యి, పెరుగు ఉన్నాయంటే పిల్లల సంగతి తీరిపోయినట్టే, మీరు గోంగూర పచ్చడి, రొయ్యల వేపుడు చూసుకోవచ్చు. అన్‌లిమిటెడ్ మీల్స్ ఒకటి చెప్పి అందులోంచి పిల్లలకి పెట్టొచ్చా, విడిగా డబ్బు కట్టాలా అని కూర్చోగానే అడిగేస్తే తర్వాత వాదన ఉండదు. రాయలసీమ రుచులు లాంటి చోట్ల రాగి సంగటి, నాటుకోడి పులుసు ఉంటాయి, సంగటిలో నెయ్యి వేసి పెడితే బడికెళ్ళే వయసు పిల్లలు వద్దనరు.

వారం మధ్యలో

ఆఫీసు రోజుల్లో పెద్ద ప్లాన్లు వద్దు. ఇంటికి పావుగంట దూరంలో ఒక్క టిఫిన్ హోటల్ ఎంచుకుని, మంగళవారమో బుధవారమో ఆరున్నరకి అక్కడ ఉండండి. చట్నీస్ హోటల్లో ఆవిరి మీద ఉడికించే దోశ పిల్లల పళ్ళకి మెత్తగా ఉంటుంది, హిమాయత్‌నగర్ వైపు వాళ్ళకి మినర్వా ఉంది. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్తే వెయిటర్లు గుర్తుపడతారు, అడక్కుండానే పిల్లల ఇడ్లీ ముందు తెస్తారు, కారం లేని చట్నీ పక్కన పెడతారు. కొత్త చోట్లు ఆదివారానికి ఉంచుకోండి.

తిండి కంటే ఐస్‌క్రీమ్ ముఖ్యమైన రోజులు కూడా ఉంటాయి. మొజంజాహీ మార్కెట్‌లో ఫేమస్ ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్ళండి. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌ని బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు, ముందు పిల్లలు పరిగెత్తడానికి ఖాళీ జాగా ఉంది. సీజన్‌ని బట్టి మామిడి, సీతాఫలం, సపోటా, నిజం పండు రుచి తెలిసే ఐస్‌క్రీమ్. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు, వచ్చేటప్పుడు పక్కనే కరాచీ బేకరీలో స్కూలు డబ్బాకి ఫ్రూట్ బిస్కెట్లు.

రంజాన్‌లో హలీమ్. గోధుమ, మాంసం గంటలకొద్దీ ఉడికించి కర్రతో దంచిన ఆ ముద్ద పిల్లలు నమలక్కర్లేనంత మెత్తన, హైదరాబాదీ హలీమ్‌కి 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య వెళ్ళి పార్సిల్ తీసుకోండి లేదా తినేసి లేచిపోండి. ఉపవాసం విడిచే టైముకి ఆ టేబుళ్ళు రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళకి దక్కాలి. చిన్నపిల్లలకి నాలుగు చెంచాలకి మించి వద్దు, బరువైన తిండి, రాత్రి అరగదు.

బిల్లు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. సర్వీస్ ఛార్జ్ అని కలిపి ఉంటే తీసేయమని నెమ్మదిగా అడగండి, అడిగే హక్కు మీకుంది. బిల్లులో దాన్ని హోటళ్ళు వాటంతట అవే కలపకూడదని కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. ఒప్పుకోకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు. ఆ డబ్బు మీ పిల్లల కోసం రెండుసార్లు టేబుల్ తుడిచిన మనిషి చేతిలో పెట్టండి, అక్కడైతే నేను ఎప్పుడూ వెనకాడను.

సంచిలో ఇంటి నీళ్ళ బాటిల్, తడి టిష్యూలు, ఒక జత బట్టలు, మిగిలింది తెచ్చుకోవడానికి స్టీలు డబ్బా. ఫోన్ ఇచ్చి తినిపించడం వద్దు, పళ్ళెంలో ఏముందో చూడని పిల్లలకి కొత్త రుచి ఎప్పటికీ అలవాటవ్వదు.

మొదలుపెట్టేవాళ్ళు వచ్చే ఆదివారం ఇలా చేయండి. శనివారం రాత్రే సంచి సర్ది పెట్టుకోండి, పొద్దున లేవగానే పిల్లలకి పాలు తప్ప ఏమీ ఇవ్వకుండా ఆరున్నరకి బయల్దేరండి, ఏడున్నర లోపు నిమ్రా, ఎనిమిదికి గోవింద్ బండి లేదా షాదాబ్, తొమ్మిదికి కారు దగ్గర. మధ్యాహ్నానికి ఇంట్లో పెరుగన్నం ఒక్కటి ఉంటే సరిపోతుంది, కాబట్టి ఆ రోజు వంట పెట్టుకోకండి.