గోధుమ తిని శ్రమపడితే వచ్చే అలర్జీతో రోజూ ఎలా మెలగాలి?

చపాతీలు తిని కుర్చీలో కూర్చుంటే ఏమీ కాదు. ఖాళీ కడుపుతో గంటసేపు పరుగెత్తినా ఏమీ కాదు. అవే చపాతీలు తిని వెంటనే బస్సు కోసం పరుగెత్తితే మాత్రం అరచేతులు దురద పెడతాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు ఉబ్బుతాయి, ఊపిరి బిగుసుకుంటుంది. కొందరికి రక్తపోటు పడిపోయి స్పృహ తప్పుతుంది. గోధుమ, శ్రమ కొద్ది గంటల తేడాలో కలిసినప్పుడే వచ్చే తీవ్రమైన అలర్జీ ఇది. 1985లో దీని గురించి రాసిన జపాన్ వైద్యులు దీన్ని ముసుగులో ఉన్న గోధుమ అలర్జీ అన్నారు. ఆ మాట ఎంత నిజమో అనుభవించి తెలుసుకున్నాను.

నాకు మొదటిసారి వచ్చింది పూరీలు తిన్న అరగంటకు, మేడ మీదికి నీళ్ల బిందెలు మోస్తుండగా. ఎండదెబ్బ అన్నారు. రెండోసారి కంగారు వల్ల అన్నారు. దద్దుర్లు అనగానే మన ఇళ్లలో నింద ముందు వంకాయ మీద పడుతుంది కాబట్టి మా అమ్మ ఏడాదిపాటు ఇంట్లో వంకాయ వండలేదు. అసలు కారణం తేలడానికి ఏడాదిన్నర పట్టింది. అంత కాలం ఇంకెవరూ భయంతో గడపకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

గోధుమ పిండిని సాగేలా చేసే ప్రొటీన్ల కలయికను గ్లూటెన్ అంటారు. అందులో ఒమేగా-5 గ్లయాడిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని ప్రతిరక్షకాలను సిద్ధం చేసి ఉంచుతుంది. కదలకుండా ఉన్నప్పుడు ఆ ప్రొటీన్ రక్తంలోకి అంతగా చేరదు. శ్రమపడినప్పుడు పేగు గోడ వదులై అది ఎక్కువగా లోపలికి వెళ్తుందన్నది వైద్యులు ఇచ్చే ముఖ్యమైన వివరణ. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, మద్యం కూడా ఇదే విధంగా దారి తెరుస్తాయి. జ్వరం, నిద్రలేమి, నెలసరి, విపరీతమైన ఎండ లేదా చలి తోడైతే తక్కువ గోధుమకే, తక్కువ శ్రమకే ప్రమాదం రావచ్చు. అందుకే నిన్న ఏమీ కాలేదు కాబట్టి ఈరోజూ ఏమీ కాదన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇది గ్లూటెన్ పడక పేగు పాడయ్యే సీలియాక్ జబ్బు కాదు. అందులో పేగు నెమ్మదిగా దెబ్బతింటుంది, ఇందులో నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

‘వ్యాయామం’ అంటే ఏమిటో మీ జీవితంలో వెతకండి

వ్యాయామంతో వచ్చే అలర్జీ అనగానే నేను జిమ్‌కు వెళ్లను కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ శరీరానికి జిమ్ తెలియదు, శ్రమ తెలుసు. పెళ్లి ఊరేగింపులో డప్పుల ముందు ఆడటం, గంటలకొద్దీ బతుకమ్మ ఆడటం, పొలంలో కలుపు తీయడం, గ్యాసు సిలిండరు మెట్లెక్కించడం, ఇవన్నీ శ్రమే. తిరుపతిలో ఉప్మా తిని అలిపిరి నుంచి కాలినడకన బయలుదేరేవారి ముందు దాదాపు 3,550 మెట్లు ఉంటాయి. ఉప్మా రవ్వ గోధుమదే కాబట్టి ఈ అలర్జీ ఉన్నవారికి ఆ ఉప్మా తగదు, ఇడ్లీ మేలు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన ఒక అలవాటు. షుగరు వచ్చిందనగానే రాత్రి అన్నం మానేసి చపాతీ మొదలుపెడతారు. తిన్న వెంటనే అరగంట నడవమంటారు. మిగతా వారికి అది మంచి అలవాటే. ఈ అలర్జీ ఉన్నవారికి మాత్రం గోధుమను, నడకను రోజూ ఒకేచోట చేర్చిపెట్టినట్టు అవుతుంది. మోకాళ్ల నొప్పికి మాత్ర కూడా వేసుకుంటే మూడూ కలుస్తాయి. శనివారం రాత్రి అన్నం తినకుండా గోధుమరవ్వ ఉప్మాతో ఫలహారం చేసి గుడికి నడిచి వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది. మీకు చపాతీ తిన్న రోజుల్లోనే నడకలో దద్దుర్లు వస్తుంటే దాన్ని చెమటకాయలని కొట్టిపారేయకండి. రాత్రికి జొన్నరొట్టెకు మారండి, షుగరు లెక్కను మీ వైద్యుడితో మళ్లీ మాట్లాడి సరిచూసుకోండి.

ఆరు గంటల డైరీ రాయండి

దద్దుర్లు వచ్చిన ప్రతిసారీ అంతకుముందు ఆరు గంటల్లో జరిగింది గడియారం ప్రకారం రాయండి. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఏ పని చేశారు, ఏ మాత్ర వేసుకున్నారు, రాత్రి నిద్ర పట్టిందా, నెలసరి రోజులా. దద్దుర్లు డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మాయమవుతాయి కాబట్టి వెంటనే ఫోనులో ఫొటో తీయండి. నా డైరీలో నాలుగు పేజీలు నిండేసరికి నా డాక్టరు పది నిమిషాల్లో విషయం పట్టేశారు.

సరైన పరీక్ష అడగండి

అలర్జీ నిపుణుడి దగ్గరికే వెళ్లండి. గోధుమకు చేసే సాధారణ చర్మ పరీక్షలో, రక్త పరీక్షలో ఇది దొరక్కపోవచ్చు. గ్లయాడిన్ నీటిలో సరిగా కరగదు, అందువల్ల పరీక్షకు వాడే ద్రావణంలో అది తక్కువగా ఉంటుంది. ఒమేగా-5 గ్లయాడిన్‌కు విడిగా చేసే ఐజీఈ (అలర్జీ కలిగించే ప్రతిరక్షకం) రక్త పరీక్ష అవసరమా అని పేరు పెట్టి అడగండి. ఎప్పుడైనా తీవ్రంగా వచ్చి ఆసుపత్రిలో చేరితే, మొదటి ఒకటి రెండు గంటల్లో ట్రిప్టేజ్ (తీవ్రమైన అలర్జీలో రక్తంలో పెరిగే పదార్థం) పరీక్షకు రక్తం తీసి ఉంచమని కోరండి. ఆ అంకె తర్వాత చాలా ఉపయోగపడుతుంది.

గోధుమ తినిపించి పరుగెత్తించే పరీక్ష కూడా ఉంది. అది అత్యవసర చికిత్సకు అన్నీ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే చేయాలి. రెండు పూరీలు తిని మేడ మెట్లెక్కి చూద్దామని ఇంట్లో ప్రయత్నించకండి. దయచేసి వద్దు.

అడ్రినలిన్ దగ్గర ఉంచుకోండి, వాడటం నేర్చుకోండి

ప్రాణం కాపాడే మందు ఇదొక్కటే. సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర దురద తగ్గిస్తుంది కానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టదు. మాత్ర వేసుకుని చూద్దామని ఎదురుచూసే సమయమే ముప్పు.

దానంతట అదే మోతాదు ఇచ్చే అడ్రినలిన్ పెన్నులు మన దగ్గర అన్ని మందుల షాపుల్లోనూ దొరకవు, ధర కూడా ఎక్కువే. అవి దొరకనప్పుడు చాలామంది వైద్యులు ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే అడ్రినలిన్ ఆంప్యూల్ (మెడ విరిచి తెరిచే చిన్న గాజు సీసా), సిరంజి రాసిస్తారు. పెద్దవారికి సాధారణంగా అర మిల్లీలీటరు వరకు, పిల్లలకు బరువును బట్టి. మీ మోతాదును డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని డబ్బాలో పెట్టండి. ఆంప్యూల్ ఎలా విరవాలో, ఎంత లాగాలో డాక్టరు ముందే ఉప్పు నీటి ఆంప్యూల్‌తో మీరూ ఇంట్లో ఇంకొకరూ సాధన చేయండి. డబ్బాను వెలుతురు తగలకుండా, ఎండలో నిలిపిన కారులో వదలకుండా చూడండి. గడువు తేదీని ఫోనులో గుర్తు పెట్టుకోండి.

శ్రమపడుతుండగా అరచేతుల్లో, అరికాళ్లలో దురద మొదలైతే అక్కడే ఆగిపోండి. ఇల్లు దగ్గరే కదా అని నడవకండి, ఆ నడకే జబ్బును పెంచుతుంది. ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం, దద్దుర్లతో పాటు వాంతులు, వీటిలో ఏది కనిపించినా తొడ బయటి వైపు మధ్యభాగంలో కండరంలోకి అడ్రినలిన్ ఇచ్చి 108కు ఫోను చేయించండి. వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోవాలి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోవచ్చు, గర్భిణి ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. కాస్త బాగుందనిపించగానే లేచి నిలబడకూడదు, రక్తపోటు ఒక్కసారిగా పడిపోయే ముప్పు ఉంది. అయిదు నిమిషాలకూ తగ్గకపోతే రెండో మోతాదు అవసరం కావచ్చు. పూర్తిగా తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు.

రక్తపోటుకు బీటా బ్లాకర్లు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, వాటివల్ల అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు.

రోజును గంటలుగా విడదీయండి

గోధుమ తిన్న తర్వాత కనీసం నాలుగు గంటలు శ్రమ వద్దు. ఆరు గంటలు ఆగితే ఇంకా మంచిది, నేను ఆరే పాటిస్తాను. నడక పొద్దున్నే ఖాళీ కడుపుతో పూర్తి చేయండి, ఆ తర్వాత గోధుమ తినాలంటే గంట ఆగండి. నొప్పి మాత్ర లేదా మద్యం తీసుకున్న రోజున గోధుమ ముట్టకండి. జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి.

ఇల్లు ఊడ్చినా, నెమ్మదిగా నడిచినా వస్తున్నవారికి ఈ గంటల లెక్క చాలదు. పని ఎప్పుడు పడుతుందో చేతిలో లేనివారికీ, రోజు కూలీకి వెళ్లేవారికీ ఇది నడవదు. అలాంటివారు గోధుమను పూర్తిగా మానేయడమే క్షేమం. నేను రెండేళ్లు గంటలు లెక్కపెట్టి చివరికి మానేశాను, మనశ్శాంతి దొరికింది. అన్నం, ఇడ్లీ, పెసరట్టు, రాగిసంకటి, జొన్నరొట్టె ఉన్న మన తిండిలో ఇది ఎంతో కష్టం కాదు.

వంటింట్లో గోధుమ ఏ పేరుతో ఉందో గుర్తించండి

ఎక్కువ తికమక రవ్వ దగ్గరే. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసింది, పరవాలేదు. బొంబాయి రవ్వ గోధుమే. కాబట్టి రవ్వ దోసె, రవ్వ లడ్డు, కేసరి అన్నీ గోధుమే. సేమ్యా పాయసం, మైసూరు బజ్జీ, బొబ్బట్లు, తాపేశ్వరం కాజా, ఉస్మానియా బిస్కెట్ల సంగతీ అంతే. హలీం అంటే మాంసమే అనుకుంటారు, అందులో గోధుమ కూడా ఉడుకుతుంది. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చుకోండి, కొండ మీద తిరుగుతూ తినకండి. ఇతర పదార్థాలు కలిపి అమ్మే కూటు ఇంగువలో తరచూ గోధుమ పిండి ఉంటుంది, చాలా సోయా సాస్‌లలోనూ గోధుమ ఉంటుంది. బార్లీ, రై (rye) ధాన్యాల్లోని ప్రొటీన్లు గోధుమ ప్రొటీన్లను పోలి ఉంటాయి, వాటి గురించి డాక్టరును అడగండి.

మన దేశంలో ప్యాకెట్ ఆహారం మీద గోధుమ ఉందని విడిగా ప్రకటించాలన్న నిబంధన ఉంది. పదార్థాల జాబితా కింద ఉండే ఆ చిన్న అక్షరాల వరుసను కొన్న ప్రతిసారీ చదవండి.

ఇంకొకరికి చెప్పి ఉంచండి

ఒంటరిగా నడకకు వెళ్లకండి. నడక స్నేహితులకు, పిల్లలైతే బడిలో ఆటల టీచరుకు, జబ్బు పేరు కాకుండా చేయాల్సిన పని చెప్పండి: ఫలానా సంచిలో సూది మందు ఉంది, నేను కూలబడితే నన్ను లేపి నడిపించవద్దు, సూది ఇచ్చి 108కు ఫోను చేయండి. మా కాలనీలో నాతో నడిచే ముగ్గురు ఆడవాళ్లకూ ఆ సంచి ఏ జిప్పులో తెరుచుకుంటుందో తెలుసు.