లక్కీ డ్రాలో గెలిచారని ఫోనొస్తే: హాల్లోకి వెళ్ళే ముందు, సంతకం పెట్టేశాక

దర్శనం అయిపోయింది, ట్రైన్‌కి ఇంకా టైముంది, కాస్త షాపింగ్ చేద్దామని తిరుపతి బజారుకి వచ్చారు. బిల్లు కౌంటర్ దగ్గరో, పెట్రోల్ బంకులోనో, ఎగ్జిబిషన్ గేటు దగ్గరో టై కట్టుకున్న కుర్రాడు ఒక స్లిప్పు ఇస్తాడు. పేరు, ఫోన్ నంబరు, వయసు, పెళ్ళయిందా, క్రెడిట్ కార్డు ఉందా, కారుందా. లక్కీ డ్రా తీయడానికి మీ కారుతో పనేమిటి? ఆ స్లిప్పు డ్రా కోసం కాదు, కొనగలిగే వాళ్ళెవరో ఏరుకోవడం కోసం. అమ్మేది హాలిడే మెంబర్‌షిప్, టైమ్‌షేర్ అని కూడా అంటారు: ముందే లక్షలు కడితే పాతికేళ్ళ పాటు ఏటా కొన్ని రాత్రులు రిసార్టుల్లో గది ఇస్తామంటారు.

మర్నాడు ఫోనొస్తుంది. మూడు రాత్రులు నాలుగు పగళ్ళు గోవా ఫ్రీ అంటారు. గిఫ్ట్ తీసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ ఫలానా హోటల్ హాలుకి రావాలి, ఒక గంట ప్రెజెంటేషన్ వినాలి, గుర్తింపు కోసం కార్డు తెచ్చుకోవాలి. ఇద్దరూ ఎందుకంటే, ఒక్కరే వస్తే “ఇంట్లో అడిగి చెప్తాను” అని లేచిపోతారు. కార్డు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఆధార్ ఉండగా గుర్తింపుకి క్రెడిట్ కార్డు అడిగేవాళ్ళు నాకెక్కడా కనబడలేదు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు బైరాగిపట్టెడలో. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి బంధువుల కొరత ఉండదు, అది కూడా స్వామి దయే అనుకోవాలి. వాళ్ళల్లో మా ఆడపడుచు, వాళ్ళాయన ఒంగోలు నుంచి వచ్చి, ఇలాంటి హాలుకే వెళ్ళి, ఒక సంచీ, ఒక ఫైలు పట్టుకుని సాయంత్రం ఇంటికొచ్చారు. “వదినా, పాతికేళ్ళు ఇక హోటల్ ఖర్చే లేదు” అంది. కార్డు మీద 45 వేలు గీకించుకున్నారు, మిగతాది ఈఎంఐ. ఆ ఫైలు చదివాక మేం చేసిన పనులే కింద చెప్తున్నాను. ముందు, హాలు సంగతి.

వెళ్ళకపోవడం అన్నిటికంటే మంచిది. సరదాకి వెళ్తామంటారా, కార్డులు ఇంట్లో పెట్టి వెళ్ళండి, ఫోన్లో యూపీఐ యాప్ తీసేయండి. అక్కడ నిర్ణయం తీసుకునే దారే లేకుండా చేసుకోవాలి, ఎందుకంటే ఆ హాలు మొత్తం అక్కడికక్కడే నిర్ణయం తీసుకునేలా కట్టింది. పాటలు గట్టిగా పెడతారు, మీరిద్దరూ పక్కకి మాట్లాడుకోవడానికి వీలుండదు. ఒక్కో జంటకి ఒక టేబులు, ఒక మంచి కుర్రాడు. “అక్కా, పోయిన సమ్మర్‌లో ఎక్కడికెళ్ళారు, ఎంతయింది?” అంటాడు. మీరు చెప్పిన అంకెని పాతికేళ్ళకి, ధరల పెరుగుదల కూడా కలిపి హెచ్చవేసి, కాగితం మీద లక్షల్లో చూపిస్తాడు. మధ్యలో మైకులో ఎవరో దంపతులు మెంబర్లయ్యారని ప్రకటన, అందరూ చప్పట్లు. రేటు ఐదు లక్షలతో మొదలవుతుంది, మీరు తల అడ్డంగా ఊపేకొద్దీ దిగుతుంది, చివర్లో మేనేజర్ వచ్చి కూర్చుని “ఈ రేటు మీరీ గదిలో ఉన్నంతసేపే” అంటాడు. గంట అన్నది మూడు గంటలవుతుంది. అప్పటికి ఆ కుర్రాడు టీ ఇచ్చాడు, సమోసా ఇచ్చాడు, మీ పాపని ఆడించాడు. ఇక లేచి వెళ్ళడానికి మొహమాటం.

ఇక్కడ చాలామంది చేసేది, కారణాలు చెప్పడం. చెప్పకండి. ప్రతి కారణానికీ వాళ్ళ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. డబ్బుల్లేవంటే ఈఎంఐ అంటారు. సెలవులు దొరకవంటే మీ బదులు మీ తమ్ముడు వెళ్ళొచ్చు అంటారు. ఆలోచించుకుంటాం అంటే “ఏం డౌటో ఇక్కడే అడగండి మేడమ్, క్లియర్ చేసేస్తా” అంటారు. ఒక్క వాక్యం నేర్చుకుని దాన్నే తిరగేసి మరగేసి చెప్పండి: “ఇవాళ సంతకం పెట్టం. అగ్రిమెంటు కాపీ ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్ళి చదువుతాం.” కాపీ ఇవ్వం, సంతకం పెట్టాకే ఇస్తాం అన్నారంటే లేచి రండి. ఇద్దరిలో ఎవరు లేస్తే రెండోవాళ్ళు వెంటనే లేవాలని గుమ్మం బయటే మాట్లాడుకుని వెళ్ళండి. గిఫ్ట్ కోసం ఆగొద్దు. ఆ ఫ్రీ ట్రిప్ వోచర్‌లో రైలు, విమానం ఖర్చు ఉండదు. నెలన్నర ముందు బుక్ చేయాలని, రాత్రికింత ‘యుటిలిటీ ఛార్జీ’ అని, భోజనం అక్కడే తినాలని, పండగ రోజుల్లో చెల్లదని వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

తిరుపతిలో మాత్రం ఇంకో ఎర కూడా వేస్తారు. మెంబర్లకి ఏటా వీఐపీ దర్శనం, కొండమీద గది అంటారు. తిరుమలలో గదులిచ్చేది టీటీడీ, దర్శనం టికెట్లిచ్చేదీ టీటీడీయే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ వెళ్ళేవాళ్ళ గుర్తింపు వివరాలతో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. సిఫార్సు లెటరు లేకుండా బ్రేక్ దర్శనం కావాలంటే శ్రీవాణి ట్రస్టుకి మనిషికి 10,000 విరాళం, 500 టికెట్, అదీ టీటీడీ దగ్గరే. పాతికేళ్ళ పాటు దర్శనం ఇప్పిస్తానని ఏ రిసార్టు కంపెనీ మాటిచ్చినా, ఆ మాట అగ్రిమెంటు మీద చేత్తో రాసి సంతకం పెట్టమనండి. ఆ పెన్ను కదలదు. ఎందుకంటే అదే అగ్రిమెంటులో ఎక్కడో “సేల్స్ ప్రతినిధి నోటి మాటలకు కంపెనీ బాధ్యత వహించదు” అని ఉంటుంది. మావాళ్ళ ఫైల్లో అది 14వ పేజీలో ఉంది.

లెక్క కూడా ఒకసారి చూడండి, ఇది బ్యాంకు బుద్ధి. ఉదాహరణకి మెంబర్‌షిప్ 3,50,000 అనుకుందాం, ఏడాదికి ఏడు రాత్రులు. అదే మూడున్నర లక్షలు 7 శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి 24,500 వడ్డీ. రాత్రికి 3,500 చొప్పున ఏడు రాత్రులకి మంచి గదే దొరుకుతుంది, మీకిష్టమైన ఊళ్ళో, మీకిష్టమైన రోజున. పాతికేళ్ళ తర్వాత అసలు మీ దగ్గరే ఉంటుంది. మెంబర్‌షిప్‌లో అసలు పోతుంది, దానిమీద జీఎస్టీ 18 శాతం అంటే ఇంకో 63,000 పోతుంది, పైగా ఏటా మెయింటెనెన్స్ ఛార్జీ. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాలి, ఏటా పెరుగుతుంది, కట్టకపోతే గది బుక్ కాదు. ఇంకోటి, ఈ మెంబర్‌షిప్‌లకి సీజన్ రంగులుంటాయి, ఏ నెలల్లో వెళ్ళొచ్చో ఆ రంగే చెప్తుంది. తక్కువ ధరకి వచ్చిందని మీరు తీసుకున్న రంగు చాలాసార్లు బడులు నడిచే నెలలకే చెల్లుతుంది. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు పైరంగు వాళ్ళవి, వాళ్ళకి కూడా నెలల ముందు బుక్ చేసుకుంటేనే. నిజంగా ఏటా తిరిగేవాళ్ళకి, ముందే ప్లాన్ చేసుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది, కాదనను. వాళ్ళు ఇంట్లో కూర్చుని నాలుగు కంపెనీలు పోల్చి చూసుకుని కొంటారు, సమోసా తింటూ కాదు.

ఇక సంతకం పెట్టేశారు. ముందు ఆ రాత్రి నిద్రపోయే లోపల అగ్రిమెంటులో రద్దు గురించిన క్లాజు వెతకండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇలాంటి ఒప్పందం రద్దు చేసుకోవడానికి చట్టమే 14 రోజులిచ్చింది. మన దగ్గర టైమ్‌షేర్‌కి అలాంటి ప్రత్యేక చట్టం లేదు, కంపెనీ కాగితంలో ఎంత రాస్తే అంత. పది రోజులని పెట్టే కంపెనీలున్నాయి. ఆ గడువు సాధారణంగా సంతకం రోజు నుంచో డబ్బు కట్టిన రోజు నుంచో మొదలవుతుంది. మీరు ఫోన్ చేస్తే “వెల్కమ్ కిట్ రానివ్వండి, చూశాక మాట్లాడదాం” అంటారు. కిట్ వచ్చేసరికి గడువు అయిపోతుంది. కాబట్టి ఫోన్లో బతిమాలడం మానేసి రాతలో పెట్టండి. మేం పంపింది ఇది, తెలుగులో చెప్తున్నాను, ఇంగ్లీషులో రాసుకున్నా సరే:

“ఫలానా తేదీన తిరుపతిలో మీ ప్రతినిధుల ప్రెజెంటేషన్‌లో మేము సంతకం చేసిన మెంబర్‌షిప్ ఒప్పందం నం. ___ను ఈ లేఖతో రద్దు చేసుకుంటున్నాము. మెంబర్‌షిప్ సౌకర్యాలేవీ వాడుకోలేదు. కట్టిన రూ. ___ పూర్తిగా అదే కార్డుకు తిరిగి జమ చేయగలరు. మిగతా మొత్తానికి ఈఎంఐ గానీ ఆటో డెబిట్ గానీ మొదలుపెట్టడానికి మా అనుమతి లేదు. సంతకం ముందు మీ ప్రతినిధి నోటిమాటగా చెప్పినవి, ఒప్పందంలో లేనివి: ___.”

భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. ఒప్పందంలో ఉన్న ఈమెయిల్‌కి ఆ రాత్రే పంపండి, మర్నాడు స్పీడ్ పోస్టులో రిజిస్టర్డ్ ఆఫీసుకి పంపి రసీదు ఫోటో తీసుకోండి. గిఫ్ట్ వోచర్ వాడొద్దు, ఆన్‌లైన్ అకౌంట్ యాక్టివేట్ చేయొద్దు. వాడితే సౌకర్యాలు అనుభవించారంటారు. హాల్లో మిమ్మల్ని చూసుకున్న కుర్రాడికి వాట్సాప్‌లో “మీరు ఏటా దర్శనం ఉందన్నారు కదా, అగ్రిమెంటులో కనబడలేదు” అని అడగండి. ఏదో ఒకటి జవాబిస్తాడు. తర్వాత అదే సాక్ష్యం.

బ్యాంకు దగ్గర ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. మీ చేత్తో పిన్ కొట్టారు, ఓటీపీ చెప్పారు కాబట్టి ఇది దొంగిలించిన కార్డు కేసు కాదు, మోసం అన్నంత మాత్రాన బ్యాంకు డబ్బు వెనక్కివ్వదు. రోజూ కౌంటర్ ముందు జనం ఇక్కడే గొడవ పడేవాళ్ళు. కానీ గడువులోపల రద్దు చేసుకున్నట్టు, రీఫండ్ రాలేదన్నట్టు కాగితం చూపిస్తే కార్డు డిస్ప్యూట్, అంటే ఆ చెల్లింపు మీద బ్యాంకులో అభ్యంతరం, వేయొచ్చు. అందుకే లెటర్ ముందు, బ్యాంకు తర్వాత. మిగతా డబ్బుకి ఫైనాన్స్ కంపెనీ లోన్ అయితే ఆ కంపెనీకి వేరే ఈమెయిల్ పెట్టాలి. యాప్‌లో ఇచ్చిన డిజిటల్ లోన్‌కి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజైనా కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ లోపల అసలు, ఆ కాస్త రోజుల వడ్డీ కట్టి, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ ఇచ్చి, బయటపడొచ్చు. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఈఎంఐ ఆపేయకండి. సిబిల్ స్కోరు పాడవుతుంది. రాబోయే తేదీలు వేసి చెక్కులిచ్చి ఉంటే చెక్కు బౌన్స్ కేసు మెడకి చుట్టుకుంటుంది.

కంపెనీ నుంచి జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పివ్వరు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు. మావాళ్ళ డబ్బు ఈ మెట్టు దగ్గరే వచ్చింది, ‘అడ్మిన్ ఛార్జీ’ అని కొంత కోసుకుని. మా ఆడపడుచు వాళ్ళాయన ఆ కోసిన దానికోసం కూడా పోరాడదామన్నాడు, తను వద్దంది.

పోరాడాలనుకుంటే దారుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వివాదాలన్నీ ముంబైలోనో ఢిల్లీలోనో అని అగ్రిమెంటులో రాసుంటే బెదరొద్దు. మీది తిరుపతి అయితే తిరుపతిలో, చిత్తూరైతే చిత్తూరులో, మావాళ్ళకైతే ఒంగోలులో. మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫైల్ చేయొచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి.

చివరగా, కొన్నాళ్ళకి ఇంకో ఫోనొస్తుంది. “మీ మెంబర్‌షిప్ మంచి రేటుకి అమ్మిపెడతాం”, లేదా “మీ రీఫండ్ మంజూరైంది, జీఎస్టీ కింద ముందు పదివేలు కట్టండి”. మీ పేరు, మెంబర్‌షిప్ నంబరు సరిగ్గా చెప్తారు కాబట్టి నమ్మబుద్ధవుతుంది. రీఫండ్ ఇచ్చేవాడు ముందు మీ దగ్గర తీసుకోడు. కట్టకండి. కట్టేసి ఉంటే ఒక్క గంట కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి.