ఊరి ప్రముఖుల పట్టిక ఎలా తయారుచేయాలి? కడప, అనంతపురం, కర్నూలు వారికి

పాఠశాల వార్షికోత్సవానికో, గ్రంథాలయం గోడకో, ఊరి చరిత్ర పుస్తకానికో ‘మన ప్రముఖులు’ అని ఒక పట్టిక వేయాలనుకుంటారు. నలుగురు కూర్చుని గుర్తొచ్చిన పేర్లు రాసుకుంటే గంటలో పని అయిపోయినట్టే ఉంటుంది. బోర్డు గోడకెక్కాక అసలు రగడ మొదలవుతుంది. ఆయన ఇక్కడ పుట్టలేదంటారు ఒకరు, ఆమె పేరెందుకు లేదంటారు ఇంకొకరు. ఇందులో చాలా భాగానికి కారణం ఒకటే: పేరు రాశారు గానీ, ఆ మనిషికి మన ఊరితో ఏం సంబంధమో రాయలేదు. కాబట్టి పేర్ల కంటే ముందు తేల్చుకోవలసింది సంబంధాన్నే.

1. సంబంధాన్ని ఒక్క వాక్యంలో రాయండి

‘మన ఊరివాడు’ అన్న మాట పట్టికకు పనికిరాదు. పుట్టాడు, చదివాడు, పనిచేశాడు, ఇక్కడినుంచి ఎన్నికయ్యాడు, ఇక్కడే కన్నుమూశాడు, తాతతండ్రులది ఈ ఊరు... వీటిలో ఏది నిజమో అదే రాయాలి.

మచిలీపట్నాన్ని (బందరును) తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. బందరు ప్రముఖులు అనగానే భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరు వస్తుంది. ఆయన పుట్టింది నేటి ఏలూరు జిల్లా గుండుగొలనులో. బందరులో వైద్యుడిగా స్థిరపడ్డారు, 1923లో అక్కడే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. పింగళి వెంకయ్య పుట్టింది బందరుకు దగ్గరలోని భట్లపెనుమర్రులో. పట్టణంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేశారు. భారత క్రికెట్ జట్టు తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు నాగపూర్‌లో పుట్టారు, కుటుంబ మూలాలు బందరువి. ముగ్గురినీ ‘బందరువారు’ అని ఒకే గాటన కడితే మూడు తప్పులు. సంబంధం రాస్తే ముగ్గురికీ పట్టికలో న్యాయంగా చోటుంటుంది.

ఇదే పద్ధతి మన దగ్గరకు తెచ్చుకుందాం. సి.పి. బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1884లో లండన్‌లో మరణించాడు. మధ్యలో 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చాడు. ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టి తెలుగు తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేశాడు. అందువల్ల ఆయన పేరు రెండు ఊళ్ల పట్టికల్లోనూ ఉండొచ్చు, వాక్యం మాత్రం వేరుగా ఉండాలి. పేదలకోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1920లో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. పి.వి. నరసింహారావు 1991 ఉప ఎన్నికలో నంద్యాల నుంచి లోక్‌సభకు వెళ్లారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. వీళ్లెవరూ ఇక్కడ పుట్టినవాళ్లు కాదు. వాక్యం సరిగ్గా రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు.

బయటికి వెళ్లి పేరు తెచ్చుకున్నవారికీ ఇదే లెక్క. సినిమా దర్శకుడు బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు, నిర్మాత బి. నాగిరెడ్డి కడప జిల్లాలో పుట్టారు, పనంతా మద్రాసులో. కడప పట్టికలో ‘పుట్టినవారు’, మద్రాసు పట్టికలో ‘పనిచేసినవారు’.

2. ఇంటిపేరు చూసి ఊరు రాయొద్దు

రాయలసీమ పట్టికల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు పుట్టింది పుట్టపర్తిలో కాదు, అనంతపురం దగ్గరి చియ్యేడులో, 1914లో. జీవితంలో ఎక్కువ భాగం గడిచింది ప్రొద్దుటూరు, కడపల్లో. సినిమా దర్శకుడు కె.వి. రెడ్డి ఇంటిపేరు కదిరి, ఆయనది తాడిపత్రి ప్రాంతం. రంగస్థల నటుడు బళ్లారి రాఘవ విషయంలో తికమక ఇంకా ఎక్కువ: ఇంటిపేరూ తాడిపత్రే, పుట్టిన ఊరూ తాడిపత్రే, లోకానికి తెలిసిన పేరు మాత్రం బళ్లారిది. అలాగని ఇంటిపేరు ఎప్పుడూ తప్పుదారే పట్టిస్తుందని కాదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పుట్టింది రాళ్లపల్లిలోనే. అందుకే ప్రతి పేరుకూ పుట్టిన ఊరు విడిగా చూసుకోవాలి.

పొడి అక్షరాలను విప్పి పూర్తి పేరు రాసుకోండి. ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరి జీవితాలు కలిసిపోయేది ఇక్కడే.

3. అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి

మన జిల్లాల హద్దులు చాలాసార్లు మారాయి. 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. అంటే 1880లో రాఘవ పుట్టేనాటికి తాడిపత్రి బళ్లారి జిల్లాలో ఉంది. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు కడప జిల్లాలోనిదే; 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని పాత కాగితాలు కడప జిల్లావాడంటే అది తప్పు కాదు. కదిరి కూడా 1910 వరకు కడపదే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు కొత్తగా వచ్చాయి. 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కర్నూలు పట్టికలోంచి తీసేయాలా అని కొందరు అడుగుతారు. తీసేయనక్కర్లేదు. ‘కోయిలకుంట్ల (నేటి నంద్యాల జిల్లా)’ అని రాస్తే సరిపోతుంది. ఊరి పేరు కదలదు, జిల్లా పేరు కదులుతుంది. అందుకని ఊరి పేరు ముందు, జిల్లా బ్రాకెట్లో.

4. మనిషికో అట్టముక్క

నోటుపుస్తకంలో వరుసగా రాస్తే మధ్యలో చేర్చడానికి చోటుండదు. పోస్టుకార్డు సైజు అట్టముక్కలు తీసుకుని మనిషికి ఒకటి కేటాయించండి. ముందువైపు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వాడుక పేరు, పుట్టిన ఊరు, పాత తాలూకా, ఇప్పటి మండలం, జనన మరణ తేదీలు, సంబంధ వాక్యం. వెనుకవైపు ఏ సంగతి ఎక్కడ దొరికిందో, పేజీ నంబరుతో సహా. ఒకేచోట దొరికినదాన్ని పెన్సిల్‌తో, రెండుచోట్ల దొరికినదాన్ని పెన్నుతో రాయండి. బోర్డు మీదికి పెన్ను రాతే వెళ్లాలి.

రెండుచోట్లు అంటే నిజంగా రెండు అయి ఉండాలి. పది వెబ్‌సైట్లలో ఒకే వాక్యం కనిపిస్తే అవి ఒకదాన్నొకటి చూసి దింపుకున్నవే, ఒక్క ఆధారంగానే లెక్క. జిల్లా గ్రంథాలయంలో పాత జిల్లా గెజిటీర్లు (జిల్లా వివరాలతో ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకాలు) అడగండి. అనంతపురానికి 1905లో, కడపకు 1915లో అచ్చయినవి ఉన్నాయి. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం ఈ పనికి చాలా విలువైన చోటు. రచయితలకు వారి తొలి ముద్రణల ముందుమాటలు, ఉద్యోగులకు సర్వీసు రిజిస్టర్లు, మిగతావారికి సమాధి రాళ్లు, శిలాఫలకాలు చూడాలి.

5. తేదీలు మార్చుకునే లెక్క

పాత పుస్తకాల్లో, శిలాఫలకాల్లో సంవత్సరం పేరే ఉంటుంది. ప్రభవ 1867లో, 1927లో, 1987లో మొదలైంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. మనిషి ఏ తరంవాడో తెలియకపోతే అరవై ఏళ్ల తేడా వచ్చేస్తుంది. సంవత్సరం ఉగాదికి మారుతుంది గనుక మాఘ, ఫాల్గుణాల్లో పుట్టినవారి ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ఎక్కువవుతుంది. శాలివాహన శకానికి 78 కలపాలి, జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న తేదీలకు 79. భూమి కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి. ఫసలీ 1330 అంటే 1920 జూలై 1 నుంచి 1921 జూన్ 30 దాకా.

బడి రికార్డులో పుట్టినరోజు జూలై 1 అని ఉంటే కాస్త ఆగండి. బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలియని పిల్లలకు అయ్యవార్లు వేసే తేదీ అది. సంవత్సరం మాత్రం రాసి వదిలేయడం మంచిది.

6. వివాదం ఉంటే దాచొద్దు

పోతనది ఓరుగల్లు వైపు బమ్మెర అని ఒక వాదం, కడప జిల్లా ఒంటిమిట్ట అని ఇంకో వాదం ఉన్నాయి. మన ఊరి బోర్డే కదా అని ‘ఒంటిమిట్టలో పుట్టిన పోతన’ అని చెక్కిస్తే చదివినవాళ్లు మిగతా పేర్లనూ నమ్మరు. ‘పోతన – ఒంటిమిట్టతో అనుబంధం ఉందని ఒక సంప్రదాయం’ అని రాస్తే ఊరి గౌరవం తగ్గదు.

7. ఎవరు మిగిలిపోయారో చూడండి

మొదటి జాబితా పూర్తయ్యాక అట్టముక్కలను రంగాలవారీగా కుప్పలు వేయండి. రాజకీయాలు, సినిమా కుప్పలు ఎత్తుగా ఉంటాయి. నీలం సంజీవరెడ్డి (ఇల్లూరు), దామోదరం సంజీవయ్య (పెదపాడు) లాంటివారి పేర్లు ఎవరూ చెప్పకుండానే వస్తాయి. వెతికి పట్టుకోవలసినవారు వేరే ఉంటారు. ఉర్దూ బడులకు, దర్గాలకు వెళ్లి అడగండి. కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ అబ్దుల్ హక్ చాలా తెలుగు పట్టికల్లో కనిపించరు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. గ్రంథాలయోద్యమానికి జీవితమిచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూలులో. ఆయన పేరు లేని గ్రంథాలయ బోర్డు చూస్తే మనసు చివుక్కుమంటుంది. మంత్రసానులు, నాటక కళాకారిణులు, తొలితరం పంతులమ్మలు కాగితాల్లో తక్కువ కనిపిస్తారు గనుక వారికోసం ఊళ్లోని పెద్దవాళ్లను అడగాలి. విన్నది పెన్సిల్‌తో రాసుకుని, ఒక్క కాగితం ఆధారమైనా దొరికాక పెన్నుతో దిద్దండి.

బతికి ఉన్నవారి పేరు వేసేముందు వారిని అడగాలి. ఇంటి అడ్రసు, ఫోను నంబరు, కులం రాయకూడదు.

8. బోర్డు

ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు బోర్డుకు ఇరవై పేర్లు చాలు, రెండు వరుసల్లో పదేసి. పేరు అక్షరం అంగుళం, కింది వాక్యం ముప్పావు అంగుళం ఉంటే పదడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. తెలుగుకు వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి గనుక పంక్తుల మధ్య చోటు ధారాళంగా వదలాలి, లేకపోతే ‘స్త్ర’, ‘ర్వో’ కింది పంక్తికి తగులుతాయి. వాక్యం ముప్పై అయిదు అక్షరాలు దాటనివ్వకండి. ఉదాహరణకు: ‘బళ్లారి రాఘవ (1880–1946). తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు.’

వరుస పుట్టిన సంవత్సరం ప్రకారం ఉండాలి. పదవి ప్రకారం పెడితే ఎవరు ముందు అన్న తగువు ఎన్నటికీ తెగదు. రెండో వరుస చివర రెండు మూడు పేర్లకు ఖాళీ ఉంచండి.

ఫ్లెక్సీ మన ఎండకు త్వరగా వెలిసిపోతుంది, గోడ లోపలివైపు అయితేనే వేయించండి. కడప బండ మీద చెక్కించాలనుకుంటే చిన్న అక్షరాలు వద్దు. పొరలుగా లేచే రాయి, వత్తుల దగ్గర పెచ్చులూడుతుంది. రేకు మీద ఎనామిల్ పెయింటు రాత అయితే తప్పు దిద్దుకోవచ్చు.

డీటీపీ షాపులో ‘అను’ అనే ఫాంట్లు (ఫోన్లోని యూనికోడ్ తెలుగుతో పొసగనివి) వాడితే ఫోన్లో మీరు పంపిన తెలుగు అక్షరాలు చెదిరిపోతాయి.  పీడీఎఫ్ ఇవ్వండి, లేదా అక్కడే మళ్లీ టైపు చేయించండి. అసలు ప్రింటుకు ముందు కాగితం మీద ప్రూఫు తీయించి, టైపు చేసినవారు కాకుండా ఇంకొకరు అట్టముక్కలు చేతిలో పట్టుకుని ఒక్కో అంకెనూ బయటికి చదువుతూ సరిచూడాలి.